వాల్తేరు హాస్టల్ నుంచి 32వ అధికరణ దాకా

1930ల రెండో సగంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం ఆనర్స్ చదువుకుంటానంటూ ఒక యువతి విశాఖపట్నంలోని వాల్తేరుకు వచ్చింది. చేర్చుకోవడానికి అభ్యంతరం ఏమీ లేదన్నారు. కాకపోతే ఆడపిల్లలు ఉండటానికి హాస్టల్ లేదు, అందుకని సీటూ లేదు. ఆమె వాదన పెట్టుకోలేదు. చదువుకోవాలని ఉండి, ఊరు కాని ఊళ్లో తలదాచుకునే చోటు లేక ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయమని పత్రికలో ప్రకటన వేయించింది. ఉత్తరాలు వచ్చాయి. రాసినవాళ్లను కూడగట్టి చిన్న హాస్టల్ ఏర్పాటు చేసింది. ఇక కాదనడానికి కారణం మిగల్లేదు. ఆ యువతి గుమ్మిడితల దుర్గాబాయి. తర్వాత రోజుల్లో దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఏటా జులై 15న ఆమె జయంతికి ఈ కథ చెప్పి, పట్టుదల అంటే ఇదీ అని చప్పట్లు కొట్టి ఊరుకుంటారు. పట్టుదల సంగతి సరే. అంతకంటే పనికొచ్చే విషయం ఒకటి ఈ కథలో ఉంది. ఆమెను చదవొద్దని ఎవరూ అనలేదు. ఆ చదువుకు కావలసిన గది, మంచం, రెండు పూటల తిండి మాత్రం ఎవరి బాధ్యతా కాలేదు. పైగా అప్పటి ఉపకులపతి ఆడపిల్లల చదువంటే ముఖం చిట్లించే ఛాందసుడేమీ కాదు, కట్టమంచి రామలింగారెడ్డి. బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో అదే పదవిని వదిలేసి, 1936లో తిరిగి వచ్చిన మనిషి. స్వేచ్ఛ విలువ బాగా తెలిసిన పెద్దమనిషి హయాంలో కూడా ఒక ఆడపిల్ల స్వేచ్ఛ హాస్టల్ గది దగ్గర ఆగిపోయింది.

హక్కు ఉండటం ఒకటి, అది చేతికి అందటం ఇంకొకటి. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడమే మానవ హక్కుల పని అనుకుంటే, దుర్గాబాయి జీవితంలో చాలా భాగం ఆ పనే. విశాఖపట్నంలో తర్వాతి కాలంలో జరిగిన హక్కుల పోరాటాలు కూడా చాలావరకు ఆ దూరం మీదే నడిచాయి.

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు, ఊహ తెలిశాక ఆ పెళ్లి నుంచి ఆమె బయటికి వచ్చేశారు. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నారని తెలిసినప్పుడు ఆమెకు ఇంకా పన్నెండేళ్లు నిండలేదు. ఆయన దేవదాసీలతోనూ, బురఖా చాటున ఉండే ముస్లిం స్త్రీలతోనూ మాట్లాడాలని పట్టుబట్టారు. ఆ కొద్ది నిమిషాలు కావాలంటే 5,000 రూపాయల విరాళం తెమ్మన్నారు స్థానిక పెద్దలు. దేవదాసీలే ఆ సొమ్ము పోగుచేసి ఇచ్చారు. రెండేళ్ల తర్వాత కాకినాడ కాంగ్రెస్ ప్రదర్శన దగ్గర టికెట్ లేదని నెహ్రూను గేటు దగ్గరే ఆపేసిన బాలిక కూడా ఆమే. ఇది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, దేవదాసీల సభ అంతగా ఎక్కలేదు. ఎందుకన్నది ఎవరికి వారు ఆలోచించుకోవచ్చు.

ఆమెను న్యాయశాస్త్రం వైపు తిప్పింది జైలు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో వెల్లూరులో, మధురైలో శిక్ష అనుభవించారు. మధురైలో ఒంటరి నిర్బంధం. అక్కడ మామూలు నేరాల కింద శిక్ష పడిన పేద స్త్రీలను దగ్గర్నుంచి చూశారు. తమ మీద మోపిన నేరమేమిటో, కోర్టులో ఎవరేం చెప్పారో వాళ్లలో చాలామందికి తెలియదు. చదువు లేదు, వకీలు లేడు. బయటికి వచ్చాక ఆమె చదువు మొదటి నుంచి మొదలుపెట్టి, మెట్రిక్యులేషన్ దగ్గర్నుంచి వాల్తేరులో ఆనర్స్ దాకా లాక్కొచ్చి, 1940ల మొదట్లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు. ఈలోగా 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు.

రాజ్యాంగ సభలో మొత్తం 15 మంది మహిళలు పనిచేశారు. తెలుగు నేల నుంచి వెళ్లిన దుర్గాబాయి వాళ్లలో బాగా ఎక్కువగా మాట్లాడినవారిలో ఒకరు. ఆమె ప్రసంగాల్లో ఒకటి ఇక్కడ ముఖ్యం. 1948 డిసెంబరు 9న ముసాయిదాలోని 25వ అధికరణం చర్చకు వచ్చింది. నేటి రాజ్యాంగంలో అది 32వ అధికరణం. ప్రాథమిక హక్కులకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చని చెప్పేది ఇదే. రాజ్యాంగానికి ఇదే ఆత్మ, ఇదే హృదయం అని అంబేడ్కర్ అన్నది ఆ రోజే, దాన్ని అందరూ ఉదాహరిస్తారు. అదే చర్చలో దుర్గాబాయి, ఈ హక్కు మిగతా ప్రాథమిక హక్కులన్నింటికీ ప్రాథమికమైనదని అన్నారు. సత్వరంగా అందని, సమర్థంగా పనిచేయని పరిష్కారంతో హక్కుకు విలువే లేదని కూడా అన్నారు. సత్వరం, సమర్థం: ఆ రెండు మాటలూ గుర్తుపెట్టుకోవాల్సినవి. మధురై జైల్లో ఆమె చూసిన ఆడవాళ్లకు ఆ రెండూ దొరకలేదు.

ఆ మర్నాడే, డిసెంబరు 10న, పారిస్‌లో ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. అందులో ఎనిమిదో అధికరణం చెప్పేదీ ఇదే: హక్కుకు భంగం కలిగిన ప్రతి మనిషికీ స్వదేశంలోని న్యాయస్థానాల్లో పనిచేసే పరిష్కారం ఉండాలి. ఆ ప్రకటన మొదటి అధికరణంలో మగవాళ్లందరూ అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు మాట తీయించి, మానవులందరూ అని పెట్టించడంలో కీలకపాత్ర హంసా మెహతాది. ఆమె కూడా రాజ్యాంగ సభ సభ్యురాలే. ఢిల్లీలో ఒకరు, ఐక్యరాజ్యసమితిలో ఒకరు, ఇద్దరు భారతీయ స్త్రీలు ఒకే కాలంలో ఒకే పనిలో ఉన్నారు.

ఉదారవాద ప్రజాస్వామ్యం అనే మాట మీద ఇక్కడ కొంచెం ఆగాలి. తెలుగులో ఆ మాటకు పెద్ద గౌరవం లేదు. ఉదారవాదం అనగానే 1991 తర్వాతి సరళీకరణ, ప్రైవేటీకరణ గుర్తొస్తాయి. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ అమ్మకానికి వ్యతిరేకంగా 2021 నుంచి కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం నడిచిన ఊళ్లో ఆ మాట వింటే ఒళ్లు మండటం సహజం. అది ఆర్థిక విధానం సంగతి. రాజకీయ అర్థంలో ఉదారవాదం చెప్పేది వేరు: ఎన్నికల్లో గెలిచినవాళ్లకు కూడా దాటకూడని గీతలు కొన్ని ఉంటాయి. మెజారిటీ ఉంది కదా అని ఒక మనిషి నోరు మూయించడానికి వీల్లేదు, కారణం చెప్పకుండా లోపల వేయడానికి వీల్లేదు. అమ్మకానికి వ్యతిరేకంగా శిబిరం వేసుకుని ఏళ్లతరబడి కూర్చోగలగడం కూడా ఆ గీత పుణ్యమే.

ఆ గీత చెరిగితే ఏమవుతుందో దుర్గాబాయి బతికుండగానే దేశం చూసింది. ఎమర్జెన్సీలో హక్కుల కోసం కోర్టుకు వెళ్లే దారినే మూసేశారు. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆ మూసివేతను సమర్థించింది. ఒంటరిగా నిలబడిన న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా. హక్కుల జాబితాలో ఒక్క అక్షరం తీసేయకుండానే హక్కులన్నీ ఆవిరయ్యాయి. 1948లో ఆమె 32వ అధికరణానికి ఇచ్చిన స్థానం ఎంత సరైనదో ఇరవై ఎనిమిదేళ్లకు ఇలా తేలింది.

ఆమె ఆలోచనలో గమనించదగ్గది ఇంకొకటి ఉంది. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 కాదు 30 చాలని సవరణ తెచ్చి ఆమోదింపజేశారు. కుటుంబ తగాదాలకు విడిగా కోర్టులుండాలని, 1953లో చైనా వెళ్లి అక్కడి ఏర్పాట్లు చూసి వచ్చాక పట్టుబట్టారు. చట్టం వచ్చేసరికి 1984 అయింది, ఆమె 1981లోనే పోయారు. విశాఖ ఫ్యామిలీ కోర్టు వరండాలో చంటిబిడ్డను చంకనేసుకుని వాయిదా కోసం కూర్చున్న ఆమెకు ఈ కోర్టు వెనక ఒక రాజమండ్రి మనిషి ఉందని తెలిసే అవకాశం తక్కువ. అన్నట్టు, ప్రజాస్వామ్యానికి చట్రం గీసిన ఈ మనిషి 1952లో జరిగిన మొట్టమొదటి ఎన్నికల్లో ఓడిపోయారు. ఆ తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి అధ్యక్షురాలిగా పని చేసుకుంటూ పోయారు.

ఊరి పేరు కాని విశాఖ

విశాఖ మార్గదర్శకాలు అనే మాట పనిచేసే ఆడవాళ్లలో చాలామంది విన్నదే. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. మన ఊళ్లో జరిగిన కేసేమో అనుకునేవారు విశాఖపట్నంలో ఇప్పటికీ కనిపిస్తారు. ఆఫీసుల్లో అవగాహన సదస్సులు పెట్టినప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు కూడా. ఆ విశాఖ ఈ ఊరు కాదు, రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరు. అక్కడ ప్రభుత్వ కార్యక్రమంలో సాథిన్‌గా, అంటే గ్రామ స్థాయి మహిళా కార్యకర్తగా, పనిచేసే భంవరీ దేవి బాల్యవివాహాన్ని ఆపబోయినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. కింది కోర్టు 1995లో నిందితులను వదిలేసింది. మహిళా సంఘాలు అంతకుముందే, 1992లోనే, వేరే దారి పట్టాయి. పనిచేసే చోట స్త్రీకి రక్షణ లేకపోవడం ప్రాథమిక హక్కుల ఉల్లంఘనే అంటూ 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

దుర్గాబాయి మెచ్చుకున్న దారి పూర్తిగా పనిచేసిన సందర్భం ఇది. పార్లమెంటు చట్టం చేసేదాకా కోర్టు చెప్పిన నియమాలే చట్టంగా నడిచాయి. 2013లో చట్టం వచ్చింది. పది మంది, అంతకుమించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి, అధ్యక్షురాలు మహిళే అయి ఉండాలి, విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఆ సౌకర్యం లేని చిన్న చోట్ల పనిచేసేవాళ్లకూ, ఇళ్లలో పనిచేసేవాళ్లకూ జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ. ఎంవీపీ కాలనీలో నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషి కూడా ఈ చట్టం పరిధిలోకే వస్తుంది. ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్లెవరన్నది వేరే ప్రశ్న.

ఒక్క సంగతి మింగుడుపడదు. దేశంలోని ఆడవాళ్లందరికీ చట్టం తెచ్చిపెట్టిన భంవరీ దేవికి తన కేసులో మాత్రం న్యాయం దక్కలేదు.

ఘాట్ రోడ్డు అవతల

మన విశాఖకు సొంతంగా అలాంటి కేసు ఒకటి ఉంది. దానికి ఊరి పేరే పెట్టి పిలుస్తారు: వాకపల్లి. జి.మాడుగుల మండలం నుర్మతి పంచాయతీలో చిన్న కోందు గూడెం. 2007 ఆగస్టు 20 తెల్లవారుజామున మావోయిస్టుల కోసం కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ ప్రత్యేక దళం పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేశారు. కోందులు ఆదివాసుల్లోనే మరీ వెనకబడిన తెగగా ప్రభుత్వం గుర్తించినవాళ్లు. ఆ స్త్రీలు కొండ దిగి పాడేరు వచ్చి, తమకు అలవాటు లేని భాషలో, తెలియని అధికారుల ముందు, నోటితో చెప్పుకోలేని విషయం చెప్పారు. ఆ రోజు వాళ్లు చేసింది ఏ సిద్ధాంతం చదివి చేసింది కాదు. మానవ హక్కుల చర్యకు అంతకంటే నిఖార్సైన ఉదాహరణ ఉత్తరాంధ్రలో దొరకడం కష్టం.

తర్వాత జరిగిందంతా కాలం కథే. 13 మంది పోలీసులపై విచారణ జరగాలని ఉమ్మడి హైకోర్టు 2012లో చెప్పింది. దానిమీద నిందితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు వాళ్ల వాదన తోసిపుచ్చి, ఆరు నెలల్లో విచారణ ముగించమంది. అంటే కేసు నడవాలా వద్దా అన్నది తేలడానికే పదేళ్లు. ఆ ఆరు నెలలు సాగి సాగి ఐదేళ్లు దాటాయి. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు సక్రమంగా జరగలేదని అదే తీర్పులో చెబుతూ, బాధితులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇవ్వమంది. ఘటన జరిగిన ఏడాది పుట్టిన పిల్ల తీర్పు నాటికి పదో తరగతి వయసుకు వచ్చింది. ఫిర్యాదు చేసినవాళ్లలో ఇద్దరు తీర్పు వినడానికి లేరు. మధ్యలో, 2022 ఏప్రిల్‌లో, వాళ్ల జిల్లాయే మారిపోయింది. పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. కేసు మాత్రం విశాఖ కోర్టులోనే ఉండిపోయింది.

తీర్పులోని తర్కం చూడటానికి వింతగా ఉంటుంది. నేరం రుజువు కాలేదు, రుజువు కాకపోవడానికి దర్యాప్తు లోపం ఒక కారణం, కాబట్టి పరిహారం. న్యాయసూత్రం ప్రకారం ఇందులో వైరుధ్యం లేదు. అనుమానానికి తావుంటే నిందితుణ్ని వదిలేయాల్సిందే, అది కూడా మానవ హక్కే, ఉదారవాద ప్రజాస్వామ్యం గట్టిగా పట్టుకునే హక్కే. ఆరోపణ పోలీసుల మీద ఉన్నప్పుడు ఆధారాలు సేకరించేది కూడా పోలీసులే కావడం దగ్గరే చిక్కంతా ఉంది. మొదటి కొద్ది రోజుల్లో జరగాల్సిన వైద్య పరీక్ష, నిందితుల గుర్తింపు పరేడ్ లాంటివి సరిగా జరక్కపోతే పదహారేళ్ల తర్వాత ఎంత మంచి జడ్జి అయినా వాటిని పుట్టించలేరు. సత్వరం పోతే సమర్థం కూడా దానితోపాటే పోతుంది. దుర్గాబాయి ఆ రెండు మాటలూ జంటగా ఎందుకన్నారో ఈ కేసు ఫైలు చదివితే అర్థమవుతుంది.

ఇన్నేళ్లు ఈ కేసు బతికి ఉండటానికి కారణం ఆ స్త్రీలు చెప్పిన మాట మీద నిలబడటం. వాళ్లకు తోడుగా మానవ హక్కుల వేదిక, మహిళా, ఆదివాసీ సంఘాలు నిలిచాయి. 1998లో హక్కుల నాయకుడు బాలగోపాల్, ఆయన సహచరులు పౌరహక్కుల సంఘం నుంచి బయటికి వచ్చి పెట్టిన వేదిక అది. రాజ్యం చేసే హింసనే కాదు, కులం, లింగం, అభివృద్ధి పేరిట జరిగే అణచివేతను కూడా హక్కుల సమస్యగానే చూడాలన్నది వాళ్ల వాదన. ఆ చర్చ అప్పట్లో తెలుగు నేలను చాలా వేడెక్కించింది. ఇప్పుడు వెనక్కి చూస్తే, మహిళల ఫిర్యాదుల్ని పెద్ద పోరాటానికి ఉప సమస్యగా చూసే అలవాటు పోవడానికి ఆ వాదన ఉపకరించిందనే చెప్పాలి.

అదే కొండల్లో తలుపు తెరుచుకున్న కేసు కూడా ఉంది, ఒక్క మాటలో చెప్పుకుందాం. అరకు రైలెక్కి బొర్రా గుహలు చూసి, బొంగు చికెన్ తిని వచ్చే వాళ్లకు అనంతగిరి మండలం తెలిసే ఉంటుంది. అక్కడి షెడ్యూల్డ్ ప్రాంత భూముల్లో ప్రైవేటు గనుల లీజులు చెల్లవని 1997 జులై 11న, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆదివాసీ భూమిని ఆదివాసేతర వ్యక్తికి బదలాయించరాదన్న నిబంధనలో వ్యక్తి అంటే ప్రభుత్వం కూడా అని తేల్చింది. హైకోర్టు కొట్టేసిన కేసు అది. ఇప్పటికీ ఏజెన్సీలో గనుల గొడవ ఎక్కడ లేచినా గ్రామసభలో ఆడవాళ్ల నోట సమత జడ్జిమెంటు అనే మాట వినిపిస్తుంది.

కెమెరాకు దగ్గర, కెమెరాకు దూరం

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ అంచున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. వీధుల్లో పడిపోయిన మనుషుల దృశ్యాలు తెల్లారేసరికి దేశమంతా చూసింది. హైకోర్టు అదే రోజు తనంతట తానే కేసు చేపట్టింది. మర్నాడు జాతీయ హరిత ట్రైబ్యునల్ కంపెనీని 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. ఎవరూ వకాల్తా వేయలేదు, ఎవరూ కోర్టు మెట్లెక్కలేదు.

వాకపల్లి పక్కన పెట్టి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వెంకటాపురం నగరం అంచున ఉంది, వాకపల్లి వంద కిలోమీటర్లకు పైగా అవతల, ఘాట్ రోడ్డు ఎక్కి దిగితే ఉంది. ఒకచోట గాయం కెమెరాకు కనిపించేది. ఇంకోచోట బాధితురాలి మాట తప్ప చూపడానికి ఏమీ లేదు. రాజ్యాంగం ముందు రెండు ఊళ్లూ సమానమే. కోర్టులు మాత్రం ఒకదాని దగ్గరికి వాటంతట అవే నడిచి వెళ్లాయి, రెండోదాన్ని తమ దగ్గరికి నడిపించుకున్నాయి. తప్పు ఫలానా న్యాయమూర్తిదని అనడానికి లేదు. ఎవరి బాధ ఎంత త్వరగా వార్త అవుతుందన్నదాని మీదే న్యాయం వేగం కూడా ఆధారపడుతోంది. హక్కుల కార్యకర్తలు నిజనిర్ధారణకు అంత ప్రాధాన్యం ఇచ్చేది ఇందుకే. కెమెరా వెళ్లని చోటికి నోటు పుస్తకం పట్టుకుని వెళ్లి, ఇరుపక్షాలతో మాట్లాడి, తేదీలతో సహా రాసి పెట్టడం వాళ్లు చేసే పని.

గ్యాస్ లీకు కథకు తోక ఒకటి ఉంది. ఆ ప్రమాదం విషయంలో ప్రభుత్వ తీరును ప్రశ్నిస్తూ వచ్చిన పోస్టును ఫేస్‌బుక్‌లో పంచుకున్నందుకు గుంటూరుకు చెందిన, అరవై దాటిన ఒక మహిళకు సీఐడీ నోటీసు ఇచ్చి పిలిపించింది. ఆమె వెళ్లి జవాబు చెప్పి వచ్చారు. ఇలాంటి సందర్భాల్లో గుర్తు చేసుకోవాల్సిన కేసు శ్రేయా సింఘాల్‌ది. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్ వ్యాఖ్యకు ఇద్దరు యువతులను అరెస్టు చేసినప్పుడు, ఢిల్లీకి చెందిన ఈ యువతి 32వ అధికరణం కిందే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న కోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. ఒక సెక్షన్ పోతే పోలీసుల చేతిలో వేరే సెక్షన్లు ఉంటాయని ఐదేళ్ల తర్వాత గుంటూరు ఉదంతం చూపించింది. ఆ దారి కూడా మునుపటంత విశాలంగా లేదు. 32వ అధికరణం కింద పిటిషన్లు రావడాన్ని తగ్గించాలని చూస్తున్నామని 2020 నవంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తే బహిరంగంగా అన్నారు. ముందు హైకోర్టుకు వెళ్లమనడం మామూలైపోయింది. హైకోర్టుల మీద భారం, అధికారం రెండూ ఉన్నాయి కాబట్టి అది సబబే అనేవాళ్లున్నారు. సత్వరం అన్న మాట దగ్గర మాత్రం ఆ వాదన కొంచెం తడబడుతుంది.

హక్కుల పని అనగానే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) గాంధీ విగ్రహం దగ్గర ప్లకార్డు పట్టుకున్న మనిషి గుర్తొస్తుంది. విశాఖలో ధర్నా అంటే అక్కడే. ఆ పనిలో ప్లకార్డు పూట గడిచేది ఒక గంట, మిగతాదంతా కాగితం. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు నంబరు రాసుకోవడం, అర్జీ పరిష్కరించబడినది అని ఫోన్‌కు సందేశం వచ్చి పరిష్కారం రానప్పుడు సమాచార హక్కు దరఖాస్తు పెట్టడం, ముప్పై రోజులు లెక్కపెట్టుకోవడం.

కోర్టు పక్క టైపు షాపులో ఒక వకాల్తా తయారయ్యే తీరు చూడండి. కొండ మీద నుంచి వచ్చిన మనిషి బొటనవేలికి ఇంకు పూసి, కాగితం మీద అద్ది, ఆ వేలు గోడకో చీర కొంగుకో తుడుచుకుంటుంది. ఆ ముద్ర చుట్టూ ఇది ఫలానా ఆమె ఎడమ చేతి బొటనవేలి ముద్ర అని ఇంకెవరో రాస్తారు. కాగితంలో ఏముందో ఆమెకు ఆమె భాషలో చదివి వినిపించే మనిషి ఉంటే అది ఆమె వకాల్తా. లేకపోతే ఆమె వేలు మాత్రమే ఆమెది. విశాఖలో హక్కుల పని చేసే స్త్రీలు చాలామంది జీవితం ఆ చదివి వినిపించడంలోనే గడుస్తుంది. వాళ్లకు అవార్డులు రావు. రావాలని వాళ్లు అడిగిందీ లేదు.

ఉన్న సౌకర్యాలు తెలియకపోవడం ఇంకో సమస్య. న్యాయసేవాధికార సంస్థల చట్టం 1987 నాటిది, అమల్లోకి వచ్చింది 1995లో. దానిలోని 12వ సెక్షన్ ప్రకారం ఏ మహిళకైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు కూడా. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు, తెలుగులోనే రాయొచ్చు, ఘటన జరిగి ఏడాది దాటకుండా చూసుకోవాలి. కాకపోతే కమిషన్ చేయగలిగేది సిఫారసు మాత్రమే. రాష్ట్ర కమిషన్‌ను 2021లో కర్నూలులో పెట్టారు. విశాఖ నుంచి కర్నూలు వెళ్లి రావడం కంటే ఢిల్లీకి ఆన్‌లైన్‌లో రాయడమే నయమని ఈ పనిలో ఉన్నవాళ్లు నవ్వుతూ అంటుంటారు.

దుర్గాబాయి జైల్లో చూసిన స్త్రీలకు నేటి వారసులు ఎవరంటే, గంజాయి కేసుల్లో పట్టుబడ్డ ఏజెన్సీ ఆడవాళ్లనే చెప్పాలి. 20 కిలోలు మించిన గంజాయిని మాదకద్రవ్యాల చట్టం వాణిజ్య పరిమాణంగా లెక్కేస్తుంది. రుజువైతే కనీసం పదేళ్లు. అదే చట్టంలోని 37వ సెక్షన్ వల్ల బెయిల్ దొరకడం కష్టం. సరుకు ఎవరిదో, పెట్టుబడి ఎవరిదో తెలియని కూలి మనిషి కూడా మూట మోస్తూ దొరికితే ఇదే లెక్క. గంజాయి మీద కఠినంగా ఉండొద్దని ఎవరూ అనరు. మూట మోసిన మనిషి ఏళ్ల తరబడి విచారణ ఖైదీగా ఉండి, మూట పంపినవాడు ఊరేగుతుంటే చట్టం ఎవరి మీద కఠినంగా ఉన్నట్టు? ఈ ప్రశ్న అడిగితే గంజాయి వ్యాపారులను వెనకేసుకొస్తున్నారంటారు. ఉగ్రవాద కేసుల్లో, పోలీసు కేసుల్లో హక్కులు మాట్లాడేవాళ్లకు ఈ నింద పాతదే. ఇష్టం లేని మనిషికి కూడా వకీలు ఉండాలనడంలోనే ఉదారవాదం నిలబడాలో పడిపోవాలో తేలేది.

వాకపల్లి దగ్గరికే వద్దాం. నిందితులు విడుదలైన కేసుల్లో బాధితులే అప్పీలుకు వెళ్లే హక్కు 2009 డిసెంబరు 31 నుంచి చట్టంలో ఉంది. అందుకు పైకోర్టు ప్రత్యేక అనుమతి కూడా అక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి అప్పీలు ఏజెన్సీ నుంచి ఎవరు వేయాలన్నా హైకోర్టు ఇప్పుడు అమరావతిలో, నేలపాడులో ఉంది. మళ్లీ వకాల్తా, మళ్లీ వేలిముద్రలు. పాడేరు నుంచి అక్కడికి రానుపోను చార్జీలు, రాత్రికి పడుకోవడానికి ఒక గది, భాష తెలిసిన ఒక ఆడమనిషి తోడు. ఈ మూడింటినీ సర్దడం ఏ సెక్షన్‌లోనూ రాసిలేదు, ఎవరో ఒకరు ముందుగా ఫోన్లు చేసి చూసుకోవాల్సిందే.